పేదల సమస్యపై పనిచేసే సంస్థను లెక్కతో నిలబెట్టడం ఎలా

దాత ఇచ్చిన సొమ్మును పంచే సేవ వేరు. తాను అందించే వస్తువుకో సేవకో ధర వసూలు చేసి, తన ఖర్చు తాను భరించుకుంటూ పేదల కష్టాన్ని తగ్గించే సంస్థ వేరు. సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని పిలుస్తున్నది ఈ రెండో రకాన్ని. అలాంటిది ప్రారంభించాలనుకునేవారు సాధారణంగా సంస్థ పేరు గురించీ, యంత్రాల గురించీ ఎక్కువ కాలం ఆలోచిస్తారు. అయితే ఆ సంస్థ అయిదేళ్ల తర్వాత ఉంటుందా, ఉన్నా పేదల పక్షానే ఉంటుందా అన్నది వేరే రెండు విషయాలపై ఆధారపడుతుంది: డబ్బు ఎవరు కడతారు, సంస్థ ఎవరి సొంతం. తొలి రూపాయి ఖర్చు పెట్టకముందే ఈ రెండింటికీ మీరు కాగితం మీద జవాబు రాసుకోగలగాలి. అందుకు చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. మన పల్లెల్లో అందరికీ తెలిసిన తాగునీటి ప్లాంటును ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీరు ఎంచుకున్నది పాల సేకరణ కావచ్చు, కంటి వైద్యం కావచ్చు, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

సమస్యను ఒక ఊరి స్థాయికి తెచ్చుకోండి

పేదరిక నిర్మూలన అన్నది ప్రభుత్వ ప్రణాళికల్లో ఉండదగిన మాట. కొత్తగా మొదలయ్యే సంస్థకు దానితో పని జరగదు. ఒక ఊళ్లో, ఒక వృత్తిలో, ఫలానావారి సంపాదన ఎవరి చేతుల్లోకి, ఏ కారణంగా పోతోందో ఒక్క వాక్యంలో చెప్పగలిగేదాకా విషయాన్ని కుదించుకోవాలి. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ విశ్వవిద్యాలయం పక్కనున్న జోబ్రా గ్రామంలో 1976లో అక్కడి అర్థశాస్త్ర ప్రొఫెసర్ ముహమ్మద్ యూనస్ చేసింది ఇదే. వెదురు పీటలు అల్లే స్త్రీ వెదురు కొనడానికి వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని, ఆ కారణంగా పీటలను అతనికే, అతను చెప్పిన ధరకే అమ్మవలసివస్తోందని ఆయన గమనించారు. అదే తీరులో చిక్కుకున్న 42 మందికి కలిపి కావలసిన మొత్తం 856 టాకాలని, అంటే అప్పటి లెక్కలో 27 డాలర్లకు లోపేనని తేలింది. పేదలకు చిన్న అప్పులిచ్చే ఆయన ప్రయత్నం గ్రామీణ బ్యాంకు పేరుతో చట్టబద్ధమైన బ్యాంకుగా ఏర్పడింది 1983లో. అంతకుముందు ఏడేళ్లపాటు సాగింది ఈ చిన్న లెక్కను పొరుగు ఊళ్లలో మళ్లీ మళ్లీ పరీక్షించుకునే పనే.

ఊళ్లోకి వెళ్లినప్పుడు “ఇలాంటిది పెడితే మీరు కొంటారా?” అని అడగకండి. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించడం ఇష్టంలేక అందరూ కొంటామనే అంటారు. పోయిన నెలలో దీనికి ఎంత ఖర్చు పెట్టారు, ఎవరికి కట్టారు, ఆ డబ్బు ఎక్కడ నుంచి తెచ్చారు అని అడగండి. జరిగిపోయిన ఖర్చు గురించి చెప్పే మాటకు ఉన్న విలువ, జరగబోయే కొనుగోలు గురించి చెప్పే మాటకు లేదు. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును, మహిళా సంఘం లీడరును కలవడం అందరూ చేసేదే. కిరాణా కొట్టు యజమానితో కూడా ఓపికగా మాట్లాడండి. ఊళ్లో ఏ నెలలో అప్పు పద్దులు పెరుగుతాయో, ఏ పంట డబ్బు వచ్చాక అవి తీరుతాయో ఆయన ఖాతా పుస్తకానికి తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియదు. మీరు ధర వసూలు చేయవలసిన రోజులు కూడా ఆ పుస్తకంలోనే కనిపిస్తాయి.

ఈ దశలోనే ప్రభుత్వం అదే పనిని ఎంతవరకు చేస్తోందో చూడాలి. ఫ్లోరైడ్ బాధిత గ్రామంలో నీటి ప్లాంటు పెట్టే ముందు, ఇంటింటికీ వస్తున్న కుళాయి నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. భారత ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా సడలింపు ఉంది. కుళాయి నీరు ఆ హద్దులోనే ఉంటే ప్లాంటు ఆలోచన మానుకోవడమే ఊరికి మేలు. ఆ తర్వాత మిగిలే పని ఏదైనా ఉందంటే, అది ఆ నీటిపై నమ్మకం కలిగించడమే.

డబ్బు ఎవరు కడతారో తేల్చుకోండి

మామూలు వ్యాపారంలో వాడుకునేవాడే కొంటాడు. ఇక్కడ వాడుకునేది ఒకరు, చెల్లించేది మరొకరు కావడం తరచుగా జరుగుతుంది. మధురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత 1976లో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రిలో చెల్లించగలవారి ఫీజులే చెల్లించలేనివారి శస్త్రచికిత్సలను పోషిస్తాయి. దీన్ని ఉదారత అనుకుంటే అసలు విషయం తప్పిపోతుంది. ఒక డాక్టరు రోజుకు ఎన్ని ఆపరేషన్లు చేయగలడన్న దాని చుట్టూ ఆసుపత్రి పనినంతా అమర్చుకోవడం వల్లా, 1992లో ఆరోల్యాబ్ పెట్టి దిగుమతి ధరలో చిన్న భాగానికే కంటి లెన్సులను సొంతంగా తయారుచేసుకోవడం వల్లా, ఒక్కో ఆపరేషన్ ఖర్చు బాగా తగ్గింది. ఆ ఖర్చు తగ్గకపోయి ఉంటే ఎంతమంది డబ్బు కట్టినా ఉచిత వార్డు నడిచేది కాదు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి మరో అడుగు వేసి, స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి పల్లెల్లో విజన్ సెంటర్లను నడిపిస్తోంది. కళ్లద్దాలతో తీరే సమస్యకు నగరం దాకా ప్రయాణం, ఒక రోజు కూలి నష్టం ఎందుకన్నదే అక్కడి లెక్క.

మూడో దారి ప్రభుత్వం చెల్లించడం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవలో రోగి ఏమీ కట్టనక్కరలేదు. ప్రభుత్వం ఖర్చు భరిస్తే ప్రైవేటు యాజమాన్యం నడుపుతుంది. ఈ దారిలో సేవ వేగంగా విస్తరిస్తుంది, కానీ బిల్లులు ఆలస్యమైతే జీతాలు ఆగుతాయి. కాబట్టి కనీసం ఆరు నెలల నిర్వహణ ఖర్చు చేతిలో లేనప్పుడు ప్రభుత్వ చెల్లింపులను మాత్రమే నమ్ముకునే ఒప్పందంపై సంతకం పెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఒక్క ఊరి లెక్క పూర్తిగా వేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే గడపండి. కింది అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. మీ ఊరి అంకెలను మీరు వేసుకోవాలి.

ఊళ్లో 200 ఇళ్లు రోజుకొక 20 లీటర్ల క్యాను 5 రూపాయలకు కొంటున్నాయనుకుందాం. నెలకు 30,000 రూపాయల రాబడి. ప్లాంటు నడిపే మనిషికి 10,000, కరెంటుకు 5,000, ఫిల్టర్లకూ రసాయనాలకూ 3,000, చిన్న మరమ్మతులకు 2,000 పోతాయి. నీటిని వడపోసే పొరలు, అంటే మెంబ్రేన్లు, రెండేళ్లకొకసారి 60,000 పెట్టి మార్చవలసివస్తే దానికోసం నెలకు 2,500 పక్కన పెట్టాలి. మొత్తం 22,500. మిగిలింది 7,500 రూపాయలు. చాలామంది ఇక్కడితో ఆపి దీన్ని లాభమంటారు. 5 లక్షల యంత్రం ఏడేళ్లు పనిచేస్తుందనుకుంటే, మళ్లీ కొత్తది కొనడానికి నెలకు దాదాపు 6,000 దాచాలి. అప్పుడు మిగిలేది 1,500 మాత్రమే. పది ఊళ్లను చూసుకునే టెక్నీషియన్ జీతం, పెట్రోలు కలిపి 30,000 అయితే ఒక్కో ఊరి వాటా 3,000. అంటే 1,500 నష్టం.

ఇప్పుడు సర్దుబాటు ఆలోచించాలి. 60 ఇళ్లు క్యాను ఇంటికి తెచ్చిస్తే 10 రూపాయలు ఇస్తామన్నాయనుకుందాం. అదనంగా నెలకు 9,000 వస్తుంది. ఆటో అతనికి క్యానుకు 3 రూపాయల చొప్పున 5,400 పోగా 3,600 మిగులుతుంది. నష్టం పోయి 2,100 మిగులు కనిపిస్తుంది. ప్లాంటు దగ్గరకు బిందె, క్యాను పట్టుకొచ్చేవారికి ధర పెంచకుండానే ఇది సాధ్యమైంది. మధురైలో ఉన్న సూత్రమే ఇక్కడ అయిదు రూపాయల స్థాయిలో పనిచేసింది. కానీ వానాకాలం ఉంది. ప్లాంటు దగ్గర కొనే ఇళ్లలో 50 నాలుగు నెలలపాటు రాకపోతే 30,000 రాబడి పోతుంది. కరెంటులో అయిదు వేలు ఆదా అయినా, ఏడాదంతా కూడబెట్టిన 25,200 దాదాపు పూర్తిగా హరించుకుపోతుంది.

ఈ లెక్క మీకు చెబుతున్నది చాలా స్పష్టం: 5 లక్షలను వడ్డీకి తెచ్చి ఈ ప్లాంటు నడపలేరు. ఆ పెట్టుబడి విరాళంగానో ఊరివాళ్ల డిపాజిట్లుగానో రావాలి, లేదా ధర ఆరు రూపాయలు కావాలి. ఏది కావాలో ఊరినే అడగండి. లెక్క కాగితాన్ని పంచాయతీ దగ్గర గోడకు అంటిస్తే చర్చ సగం దానంతటదే జరుగుతుంది. ఆర్‌ఓ ప్లాంటు లోపలికి తీసుకునే నీటిలో దాదాపు సగం వ్యర్థంగా బయటికి పోతుందన్న సంగతిని కూడా అదే కాగితంలో రాయండి, ఎందుకంటే బోరు ఎండిపోతే పక్క పొలం రైతు నిలదీసేది మిమ్మల్నే.

యంత్రం కొనడానికి ముందు రెండు నెలలు పొరుగు ప్లాంటు నుంచి నీళ్లు తెప్పించి, మీరు అనుకున్న ధరకే అమ్మి చూడండి. మొదటి వారం ఆసక్తితో కొంటారు. ఆరో వారంలో ఎవరు కొంటున్నారన్నదే మీకు కావలసిన సమాచారం. ఆ తర్వాత ఇంటికి ఇంత అని తిరిగి ఇచ్చే డిపాజిట్ వసూలు చేయండి. వరంగల్ కేంద్రంగా పనిచేసే బాలవికాస స్వచ్ఛంద సంస్థ తన నీటి ప్లాంట్లకు గ్రామస్తుల వాటా ధనాన్నీ గ్రామ నీటి కమిటీనీ ముందు షరతుగా పెట్టడంలో ఉన్న ఉద్దేశం ఇదే: వాటా చెల్లించిన ఊరు మోటారు కాలిపోయిన రోజున ఫోను చేసి ఊరుకోదు, మెకానిక్‌ను తానే పిలుచుకుంటుంది.

సంస్థ ఎవరి సొంతమో రిజిస్ట్రేషన్‌లోనే రాయండి

ఆడిటర్ ఏది చెబితే అది రిజిస్టర్ చేయించడం మనవాళ్లకు అలవాటు. ఈ నిర్ణయాన్ని ఆయనకు వదలకండి. సొసైటీ అయితే తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో ఏర్పాటు చేసుకోవచ్చు. 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కంపెనీలో మిగులు ఉండవచ్చు కానీ దాన్ని సభ్యులకు డివిడెండుగా పంచకూడదు. విరాళాలకు ఇది అనువైనది. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో పెట్టుబడిదారులు వాటా కొనగలరు, కాబట్టి నియంత్రణ క్రమంగా వారి వైపు జరగగలదు. పది మంది రైతులో, నేతకారులో కలిస్తే ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. అందులో వాటాలు ఎన్ని ఉన్నా సభ్యుడికి ఒకటే ఓటు.

ఉత్పత్తిదారులే యజమానులు కాగల పని అయితే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టాన్ని తప్పక పరిశీలించండి. పాత సహకార చట్టం కింద ప్రభుత్వ వాటా ధనంతోపాటు ప్రభుత్వ పెత్తనం కూడా వచ్చేది. ఈ చట్టం సభ్యుల సొంత పెట్టుబడితో, సొంత ఎన్నికలతో నడిచే సంఘాలకు దారి ఇచ్చింది. 1956 నుంచి సహకార గ్రామీణ బ్యాంకు నడుస్తున్న తెలంగాణలోని ముల్కనూరులోనే స్వకృషి పేరుతో పాలు అమ్మే మహిళా డెయిరీ కూడా ఎదిగింది. అక్కడ పాలు పోసే స్త్రీలే సభ్యులు, వారే పాలకవర్గం. ఇలాంటి సంస్థ నెమ్మదిగా పెరుగుతుంది, నిర్ణయాలకు సమావేశాలు ఎక్కువ అవుతాయి. అయినా సేకరణ ధర తగ్గించాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ ధర అందుకునేవారే బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు.

మొదటి మూడేళ్ల సొమ్ము

పెద్ద నిధుల తలుపులు చాలావరకు మూడేళ్లు దాటాకే తెరుచుకుంటాయని ముందే తెలుసుకుంటే నిరాశ తగ్గుతుంది. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు చేయాలి. కానీ ఆ సొమ్మును అందుకునే బయటి సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపుల కోసం చేయించుకునే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లూ, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదూ, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవమూ ఉండాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలంటే మామూలుగా మూడేళ్ల ఉనికీ, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చూ చూపించాలి.

అందుచేత తొలి దశకు సొంత పొదుపు, మిత్రుల చేయూత, సభ్యుల వాటా ధనం, పోటీల్లో వచ్చే గ్రాంట్లు తప్ప వేరే దారి తక్కువ. హైదరాబాద్‌లోని వి హబ్ మహిళలకు, చెన్నైలోని విల్‌గ్రో సామాజిక సంస్థలకు తోడ్పాటు ఇస్తున్నాయి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న రూరల్ టెక్నాలజీ పార్కును ఒకసారి చూడటం మంచిది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకైతే కేంద్రం 2020లో ప్రారంభించిన పథకం మూడేళ్లకు 18 లక్షల దాకా నిర్వహణ ఖర్చునూ, సభ్యుడికి 2,000 రూపాయల చొప్పున 15 లక్షల దాకా వాటా ధన గ్రాంటునూ ఇచ్చేలా రూపొందింది. పోటీలకు దరఖాస్తులు రాయడం మాత్రం హద్దులో ఉంచుకోండి. వేదిక మీద బాగా మాట్లాడటం నేర్చుకున్న కొద్దీ ఊరికి వెళ్లే రోజులు తగ్గిపోవడం తరచూ కనిపించే జబ్బు.

పెరుగుదలకు ముందే కళ్లెం వేయండి

పెట్టుబడి వచ్చాక సంస్థ దారి ఎలా మారుతుందో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. మెదక్ జిల్లాలో 1990ల చివర పేద స్త్రీలకు చిన్న అప్పులిచ్చే స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్.కె.ఎస్. లాభాపేక్ష గల ఫైనాన్స్ కంపెనీగా మారి, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. అప్పటికి అనేక సూక్ష్మరుణ కంపెనీలు ఒకే ఊళ్లో, ఒకే మహిళకు, ఒకదాని అప్పు ఉండగానే మరొకటి అప్పు ఇస్తున్నాయి. ఆమెకు పొదుపు సంఘం ద్వారా బ్యాంకు రుణం కూడా ఉండేది. ఫీల్డ్ ఉద్యోగుల ప్రోత్సాహకాలు కొత్త అప్పులకూ వసూళ్లకూ ముడిపడి ఉండటంతో, ఒక సభ్యురాలు వాయిదా కట్టలేకపోతే మిగతావారితో ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టే ఒత్తిడి పెరిగింది. ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వాయిదాల స్థానంలో నెల వాయిదాలు, బహిరంగ స్థలంలోనే వసూలు వంటి నిబంధనలు వచ్చాయి. రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. తాను నియమించిన మాలెగాం కమిటీ సిఫార్సుల తర్వాత రిజర్వు బ్యాంకు 2011 చివర్లో ఈ కంపెనీలకు ప్రత్యేక వర్గాన్ని ఏర్పాటు చేసింది. ఏ ఒక్క కంపెనీ దురుద్దేశంతోనో ఇది జరిగిందని నేను అనుకోను. ఇచ్చే అప్పు ఎంత పెరిగితే అంత విలువ అన్న కొలమానాన్ని ఒప్పుకున్న తర్వాత మిగతాదంతా దాని వెంటే వచ్చింది.

కాబట్టి పెట్టుబడి తీసుకునే ముందే కొన్ని నిబంధనలను కంపెనీ నియమావళిలోనే చేర్చండి. ఉద్యోగి ప్రోత్సాహకం అమ్మకాల సంఖ్యకు కాక, ఏడాది తర్వాత కూడా నిలిచిన వినియోగదారుల సంఖ్యకు ముడిపడాలి. పాలకవర్గంలో వినియోగదారుల నుంచి ఎన్నికైన ఇద్దరికైనా స్థానం ఉండాలి, వారికి ఆ రోజు కూలి చెల్లించాలి. ఒక కుటుంబానికి ఎంతకు మించి అమ్మకూడదో, అప్పు ఇవ్వకూడదో హద్దు రాసి ఉండాలి. ఫిర్యాదు చేయడానికి ఫీల్డ్ ఉద్యోగితో సంబంధం లేని ఫోను నంబరు ఉండాలి. ఈ షరతులకు ఒప్పుకోని పెట్టుబడిదారుడి డబ్బు మీకు పనికిరాదు.

ఫలితాన్ని కొలిచే తీరు

ఎంతమందికి చేరామన్న అంకె మీకు ఏమీ చెప్పదు. 2005లో హైదరాబాద్‌లో 104 బస్తీలు ఎంచుకుని, వాటిలో 52 బస్తీల్లో ముందుగా స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ చేత రుణాలు ఇప్పించి, మిగతావాటితో పోల్చి చూశారు ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది; అప్పటికే వ్యాపారం ఉన్నవారిలో కొందరు బాగుపడ్డారు. కుటుంబాల మొత్తం వినియోగంలో గానీ, చదువు, ఆరోగ్యం, స్త్రీల నిర్ణయాధికారంలో గానీ చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. అంత పెద్ద అధ్యయనం మీకు సాధ్యం కాకపోయినా, ప్లాంటు లేని పక్క ఊరిని ఎంచుకుని అవే ప్రశ్నలను అక్కడ కూడా అడగడం సాధ్యమే. నీటి ప్లాంటుకైతే నెలకొకసారి ఒక్క అంకె చూసుకోండి: ఎస్సీ కాలనీ నుంచి, తండా నుంచి గత వారం ఎన్ని ఇళ్లు నీళ్లు తీసుకున్నాయి. మొత్తం అమ్మకాలు పెరిగి ఈ అంకె తగ్గుతుంటే, మీరు నడుపుతున్నది మామూలు వాటర్ ప్లాంటే.

ఎప్పుడు ఆపాలో కూడా రాసుకోండి

రెండో ఊరు మొదలుపెట్టే ముందు మొదటి ఊరు మీరు లేకుండా మూడు నెలలు నడవాలి. అలా నడవకపోతే విస్తరణ వాయిదా వేయండి. వరుసగా రెండేళ్లు నిర్వహణ ఖర్చు రాకపోయినా, ప్రభుత్వ సరఫరా బాగుపడి అవసరం తీరినా మూసివేస్తామని పాలకవర్గ తీర్మానంలో ముందే నమోదు చేయండి. ఆ పరిస్థితి వచ్చాక చర్చిస్తే, పనిచేస్తున్నవారి జీతాల మీద సానుభూతితో నిర్ణయం ఎప్పటికీ జరగదు. మూసివేసేటప్పుడు ఇళ్ల డిపాజిట్లు మొదట తిరిగి ఇవ్వాలి, తర్వాత ఉద్యోగుల బకాయిలు, ఆ తర్వాతే సరఫరాదారుల బిల్లులు. ఈ క్రమానికి సరిపడే మొత్తం ఎప్పుడూ వేరే బ్యాంకు ఖాతాలో ఉండేలా, ఆ ఖాతాపై గ్రామ కమిటీ సభ్యుల్లో ఒకరి సంతకం తప్పనిసరి అయ్యేలా మొదటి నెలలోనే ఏర్పాటు చేయండి. యంత్రాన్ని పంచాయతీకి అప్పగించదలిస్తే, దాన్ని నడపడానికి నెలకు ఎంత ఖర్చవుతుందో చూపే లెక్క కాగితాన్ని కూడా దానితో పాటు ఇవ్వండి.